కెనడా లెక్కలో మన అనుభవం

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్లలో మొదట వెతికేది అట్టపెట్టెలు, తర్వాత కాగితాలు. పాత బడి నుంచి టీసీ తీసుకోవాలి, మార్కుల జాబితాలు జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకోవాలి. టీసీ చేతిలో ఉంటే విశాఖపట్నంలో ఏడో తరగతి పూర్తిచేసిన వాళ్లం జోధ్‌పూర్‌లో ఎనిమిదిలో కూర్చుంటాం. పుస్తకాలు కూడా అవే.

దేశం మారే ఉద్యోగికి ఇంత సుళువు కాదు. మాలో ఒకరి బాబాయి కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఈ సంగతి మాకు అర్థమైంది. పెద్దవాళ్లు 'పీఆర్' అనేది దీన్నే. పీఆర్ అంటే పౌరసత్వం కాదు, ఓటు హక్కు ఉండదు. కానీ ఆ దేశంలో నివసించి, నచ్చిన చోట పనిచేసుకోవచ్చు.

కెనడా 1967 నుంచి పాయింట్ల పద్ధతిలో వలసదారులను ఎంపిక చేస్తోంది. నైపుణ్యం ఉన్న ఉద్యోగుల కోసం 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే విధానం మొదలైంది. ప్రవేశ పరీక్షల్లో అర్హత మార్కులు వేరు, ర్యాంకు వేరు కదా! ఇక్కడా అంతే.

ముందు అర్హత చూద్దాం. విదేశీ అనుభవంతో వెళ్లేవారికి ముఖ్యమైన దారి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకం. ఇందులో 100కి కనీసం 67 పాయింట్లు రావాలి. భాషకు 28, చదువుకు 25, అనుభవానికి 15, వయసుకు 12 వరకు ఇస్తారు. మిగిలిన 20 ఉద్యోగ హామీకి, అక్కడ ఇమిడిపోగల అవకాశాలకు. అనుభవం ఒక ఏడాది ఉంటే 9, రెండు మూడేళ్లకు 11, నాలుగైదేళ్లకు 13, ఆరేళ్లు లేదా అంతకన్నా ఎక్కువైతే 15. కెనడా దృష్టిలో హైదరాబాద్‌లో చేసిన పని కూడా విదేశీ అనుభవమే. అయితే అది జీతం తీసుకుని చేసిన నైపుణ్య పని అయి ఉండాలి, గత పదేళ్లలోపు చేసి ఉండాలి. అందులో కనీసం ఒక ఏడాది విరామం లేకుండా, వారానికి 30 గంటల లెక్కన చేసి ఉండాలి. జీతం లేని శిక్షణ లెక్కలోకి రాదు.

ఇక ర్యాంకు. దీనికి మొత్తం 1,200 పాయింట్ల లెక్క వేరే ఉంది. ఇక్కడొక చిత్రమైన విషయం ఉంది. విదేశీ అనుభవానికి విడిగా ఒక్క పాయింటు కూడా రాదు. దానికి భాషో, కెనడాలో చేసిన పనో తోడుండాలి. భాషలో 7వ స్థాయి ఉండి, మూడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ అనుభవం ఉంటే 25 పాయింట్లు. భాష 9వ స్థాయికి చేరితే అదే అనుభవానికి 50. అనుభవం ఒకటి రెండేళ్లే అయితే 13 లేదా 25.

బాబాయి డిప్లొమా చదివి హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లు, దుబాయ్‌లో రెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. మొదటిసారి ఐఈఎల్‌టీఎస్ రాస్తే రైటింగ్‌లో 6.5 వచ్చింది. అందువల్ల నాలుగేళ్ల అనుభవానికి 25 పాయింట్లే. మూడు నెలలు రోజూ రాత్రి వ్యాసాలు రాసి, మళ్లీ పరీక్షకు వెళ్లి 7 తెచ్చుకున్నారు. పాయింట్లు 50 అయ్యాయి. అనుభవం ఒక్కరోజు కూడా పెరగలేదు!

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. దుబాయ్ కంపెనీ ఇచ్చిన లెటర్ బాగుంది కానీ, హైదరాబాద్ ఫ్యాక్టరీ కాగితంలో చేరిన తేదీ, మానేసిన తేదీ, 'అసిస్టెంట్' అన్న హోదా మాత్రమే ఉన్నాయి. కెనడా హోదా పేరు చూడదు, చేసిన పని చూస్తుంది. ఆ దేశపు వృత్తుల పట్టికలో ప్రతి పనికీ ఒక అయిదంకెల కోడ్ ఉంటుంది. పారిశ్రామిక ఎలక్ట్రీషియన్ కోడ్ 72201. అందులో రెండో అంకె నైపుణ్య శ్రేణిని చెబుతుంది. అది 0 నుంచి 3 లోపు ఉంటేనే ఈ పథకానికి పనికొస్తుంది. ఆ కోడ్ కింద రాసిన పనులు మనం చేశామని మన లెటర్ చెప్పాలి.

హైదరాబాద్ రెండేళ్లు లెక్కకు రాకపోతే మిగిలేది రెండేళ్లే. 50 మళ్లీ 25 అవుతుంది. అంటే ఒక్క కాగితం విలువ 25 పాయింట్లు! బాబాయి ఆ ఫ్యాక్టరీకి నాలుగుసార్లు తిరిగారు. చివరికి కంపెనీ పేరున్న కాగితం మీద, సంతకంతో, హోదా, తేదీలు, వారానికి పని గంటలు, జీతం, చేసిన పనులు అన్నీ రాసి ఇచ్చారు. దానికి తోడుగా జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు ఖాతా వివరాలు జతచేశారు.

"అసిస్టెంట్ అని కాకుండా ఇంజనీర్ అని రాయించుకోకపోయావా బాబాయ్?" అని మావాడు అడిగాడు. "అబద్ధం బయటపడితే అయిదేళ్లు దరఖాస్తే పెట్టనివ్వరురా" అన్నారాయన.

కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేసినవారు చాలామంది ఉన్నారు. వాళ్ల అనుభవం కూడా ఇలాగే లెక్కకు వస్తుంది, అక్కడి నుంచి బయల్దేరేముందే లెటర్ తీసుకుంటే. పదేళ్లలో వరుసగా ఆరు నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం కూడా కావాలి.

ఇంకొక మాట. పాయింట్లు వచ్చినంత మాత్రాన పీఆర్ ఖాయం కాదు, పిలుపు రావాలి. పీఆర్ వచ్చినా నర్సు, డాక్టరు, ఎలక్ట్రీషియన్ వంటి వృత్తులకు అక్కడి రాష్ట్రాల లైసెన్సులు వేరే ఉంటాయి. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏజెంట్ల మాట కన్నా కెనడా ప్రభుత్వ వెబ్‌సైటు చూసుకోవడం మంచిది.

బాబాయి ఇప్పుడు పిలుపు కోసం ఎదురుచూస్తున్నారు. మాలో అందరం కెనడా వెళ్తామని కాదు. కానీ రేపు మనం ఎక్కడ పనిచేసినా, ఆ చోటు వదిలేముందు ఏం పని చేశామో రాయించుకుని రావాలి. టీసీ లేకుండా మనం ఏ ఊరూ కదలం కదా!