మీకు తెలుసా? రాజమండ్రిలో రెండు రోజులుంటే చాలు!

రాజమండ్రిలో సూర్యుడు ఎక్కడ అస్తమిస్తాడో చెప్పుకోండి చూద్దాం! నేరుగా గోదాట్లోనే! ఊరేమో తూర్పు గట్టున, నదేమో పడమట. ఇంకేం కావాలి? రోజూ సాయంత్రం ఎర్రటి బంతి ఒకటి మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంది. నీళ్లు ముందు పసుపవుతాయి, తర్వాత రాగి రంగు, ఆఖరికి వంకాయ రంగు! పుష్కర ఘాట్ మెట్ల మీద 5 గంటలకల్లా చోటు పట్టేయండి. ఆలస్యంగా వెళితే పై మెట్టే గతి!

చీకటి పడుతుండగానే లేచి వెళ్లిపోకండి! అసలు సరదా అప్పుడే. గోదావరమ్మకు హారతి ఇస్తారు! గంటలు మోగుతాయి, దీపాల వెలుగు అలల మీద ముక్కలు ముక్కలుగా ఊగుతుంది. ఆ హారతి అందుకునే నది ఎంత దూరం నడిచి వచ్చిందో తెలుసా? మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా దాని పొడవు 1,465 కిలోమీటర్లు!

ఆ మెట్ల మీద కూర్చునే ఇంకో పని చేయొచ్చు. ఎదురుగా రైలు వంతెన ఉంది కదా, దాని కమానులు లెక్కపెట్టండి! పిల్లలతో పందెం కట్టండి! జవాబు మీకు మాత్రం చెవిలో చెబుతా... 28! ఇనుము అనుకునేరు, ఆ విల్లులన్నీ కాంక్రీటు!

ఇప్పుడు రైలు సంగతి. విజయవాడ వైపు నుంచి వస్తున్నారా? కొవ్వూరు దాటగానే తలుపు దగ్గర ఎగబడకుండా కిటికీ పక్కన కుదురుగా కూర్చోండి. చప్పుడు మారిపోతుంది! అప్పటిదాకా టకటకమన్న రైలు ఒక్కసారిగా గంభీరంగా మోగుతుంది. అంతే, బోగీ అంతా లేచి నిలబడుతుంది! మా అమ్మమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల నా అరచేతిలో పెట్టేది. కళ్లకద్దుకుని విసరమనేది. అది వంతెన ఇనుముకు తగిలి ఠంగుమంటే నాకు ఏడుపొచ్చేది, నీళ్లలో పడితే పండగే! తీరిగ్గా విసరొచ్చు లెండి, వంతెన పొడవు 2.7 కిలోమీటర్లు!

రైలు మీద కార్లు వెళ్లడం చూశారా? ఇక్కడ చూడండి! పక్కనే ఇంకో వంతెన ఉంది. కింద రైలు, నెత్తి మీద బస్సు! అడుగున గోదారి! బస్సు పైన వెళుతుండగా కింద నుంచి రైలు దూసుకుపోతే కాళ్ల కింద రోడ్డు సన్నగా వణుకుతుంది. ఆ వణుకు 1974 నుంచి ఆగలేదు!

అన్నిటికన్నా పెద్దాయన హేవలాక్ వంతెన. ఇప్పుడు దాని మీద రైళ్లు తిరగవు. ఊరికే నిలబడి ఉంటుంది, ఊరి పెద్ద అరుగు మీద కూర్చున్నట్టు! కట్టడానికి ఎన్నేళ్లు పట్టిందంటారు? 1897లో పని మొదలుపెట్టారు... మూడేళ్లలో రైలు ఎక్కించేశారు! అంత గోదారి మీద, ఆ రోజుల్లో, 3 ఏళ్లు!

నోరు తీపి చేసుకుందామా? మెయిన్ రోడ్డు వైపు నడవండి. ఎండ మాడు పగలగొడుతుంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే! అప్పుడు చేతికి ఒక గ్లాసు వస్తుంది. లేత గులాబీ రంగు. చల్లగా, చిక్కగా! అదే రాజమండ్రి రోజ్‌మిల్క్! మొదటి గుక్కకే నుదురు జివ్వుమంటుంది. ఒక గ్లాసుతో ఆగినవాళ్లను నేనింతవరకు చూడలేదు!

ఇక పూతరేకుల ఊరు ఆత్రేయపురం! రాజమండ్రి నుంచి గంటలోపే ప్రయాణం. కొనుక్కుని వచ్చేయకండి, చేస్తుంటే చూడండి! కుండ బోర్లించి ఉంటుంది. అడుగున మంట. పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్లు, మజ్జిగ కన్నా పల్చన! ఆవిడ గుడ్డ ముంచుతుంది, కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. అంతే! రేకు పుట్టేసింది! మన కళ్లు రెప్ప వేసి తెరిచేలోగా అంచు ఊడదీసి పక్కన పెట్టేస్తుంది. వెలుతురుకు ఎత్తి పట్టండి, అవతల మనిషి కనిపిస్తాడు! నెయ్యి, పంచదార పొడి రాసి మడత పెడితే చాలు, నోట్లో పెట్టగానే మాయం! నమలాల్సిన పనే లేదు! ఈ తీపికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆత్రేయపురం పేరు ఇంకెవరూ వాడుకోలేరు, అదీ సంగతి!

తాపేశ్వరం పేరు వినగానే మడత కాజా గుర్తొస్తుంది కదా? కానీ ఆ ఊరు గిన్నిస్‌కెక్కింది కాజాతో కాదు... లడ్డుతో! 2016 వినాయక చవితికి అక్కడ కట్టిన ఒక్క లడ్డు బరువు 29,465 కిలోలు! మళ్లీ చదవండి, గ్రాములు కాదు! దాదాపు అరడజను ఏనుగులన్నమాట! మీరు మాత్రం మామూలు కాజానే కొనుక్కోండి. కొరకగానే మడతల్లోంచి పాకం జారుతుంది, చొక్కా జాగ్రత్త!

పెన్ను కొనడానికి ఊళ్లు తిరిగే మనుషులున్నారంటే నమ్ముతారా? ఉన్నారు! రాజమండ్రికి వస్తారు! ఇక్కడి రత్నం పెన్నులు చేత్తో చేసినవి. నల్లటి ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పుతూ, ఉలి ఆనిస్తే రిబ్బనులా పొట్టు లేస్తుంది. సన్నగా కాలిన రబ్బరు వాసన! కాసేపటికి ఆ కడ్డీలోంచి ఒక పెన్ను బయటికొస్తుంది. వేళ్ల మధ్య పెట్టుకుంటే వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ఈ స్వదేశీ పెన్నును మెచ్చుకుంటూ ఉత్తరం రాసిందెవరో తెలుసా? సాక్షాత్తు గాంధీజీ! అది 1935లో! సెల్‌ఫోన్ ఫోటోలు ఎన్నైనా తీసుకోవచ్చు, ఊరి గుర్తుగా పెట్టుకోవాలంటే మాత్రం ఇదే కొనాలని నా గట్టి నమ్మకం.

పక్కనే ధవళేశ్వరం! అక్కడ గోదారి ఒకటి కాదు. చీలిపోతుంది! గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు. ఇంకా కిందికి పోతే ఇంకా పాయలు! పెద్దలు లెక్కపెట్టి మొత్తం 7 పాయలన్నారు. అందుకే సప్త గోదావరి!

ధవళేశ్వరం బ్యారేజీ మీద ప్రయాణం చేసి తీరాలి! ఒక వంతెన దాటుతారు, లంక వస్తుంది. మళ్లీ వంతెన, మళ్లీ లంక! ఇంకా అయిపోలేదు! నాలుగు ముక్కలుగా ఉన్న ఈ బ్యారేజీకి మొత్తం తలుపులు ఎన్నో ఊహించండి. 175! వరదల్లో అన్నీ ఎత్తేస్తే ఆ హోరుకు పక్క మనిషి మాట వినపడదు!

హోరు అంటే గుర్తొచ్చింది. 1986 ఆగస్టు వరద! ఆ రోజు ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారింది. అంటే సెకనుకు సుమారు 10 కోట్ల లీటర్లు! మీరు ఈ వాక్యం చదివేలోపు ఎన్ని ట్యాంకర్లు పోయుంటాయో! వేసవిలో ఇసుక తిన్నెలు చూపించే గోదారీ, ఈ గోదారీ ఒకటేనా అనిపిస్తుంది!

అక్కడే కాటన్ మ్యూజియం. తప్పకుండా చూడండి! గోదావరి జిల్లాల్లో ఊరూరా గుర్రం మీద కనిపించే దొర విగ్రహం ఎవరిదో అక్కడ అర్థమవుతుంది. ఆయన కట్టించిన ఆనకట్ట నీళ్లతో డెల్టాలో పచ్చబడిన పొలం దాదాపు 10 లక్షల ఎకరాలు! ఒక తెల్లదొర ఫోటోకి మన రైతులు దండం పెట్టడం నేను కళ్లారా చూశాను. ఎందుకు పెట్టరు? కంచంలో అన్నం ఆయన చలవ!

పాపికొండలు! ఈ పేరు రాయగానే చల్లగాలి తగిలింది! లాంచీ ఎక్కండి, లైఫ్ జాకెట్ బిగించుకోండి. అది మాత్రం మొహమాటపడొద్దు! రాజమండ్రి దగ్గర అవతలి గట్టు మసకగా కనిపించేంత వెడల్పున్న నది, అక్కడ రెండు కొండల మధ్య ఒదిగి సన్నబడిపోతుంది. ఒక మలుపు తిరగ్గానే దారి మూసుకుపోయినట్టుంటుంది. ఇంకెక్కడికి పోతాం అనుకునేలోగా కొండ పక్కకి తప్పుకుంటుంది! మళ్లీ నది! మళ్లీ కొండ! లాంచీలో అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేస్తారు. ఇంజను చప్పుడు ఒక్కటే మిగులుతుంది, అదీ కొండకు తగిలి వెనక్కొస్తుంది. ఈ అడవి జాతీయ ఉద్యానం, వైశాల్యం 1,012 చదరపు కిలోమీటర్లు! వరదల కాలంలో లాంచీలు నడపరు. చలికాలం పెట్టుకోండి, పొద్దున పొగమంచు కూడా కలిసొస్తుంది!

లాంచీ మీదే సినిమా తీసేస్తే ఎలా ఉంటుంది? తీసేశారు! బాపు గారి అందాల రాముడు! గోదారి మీద పడవలో సాగే కథ! వచ్చింది 1973లో. వెళ్లేముందు ఒకసారి చూడండి, లాంచీలో ఇంకా బాగుంటుంది!

నూనె చుక్క లేకుండా కోడికూర! మారేడుమిల్లి వెళ్లండి, దొరుకుతుంది! మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు గొట్టంలో కూరి, మూతికి ఆకులు దట్టించి నిప్పుల్లో పెడతారు. గొట్టం పైన నల్లగా మాడుతుంది, లోపల ముక్క వెన్నలా ఉడుకుతుంది! ఇస్తరాకులో గుమ్మరించినప్పుడు వచ్చే ఆవిరి పీల్చడానికే 85 కిలోమీటర్లు పోవచ్చు!

చేపకు రెండు పేర్లా? ఉన్నాయండోయ్! సముద్రంలో ఉంటే విలస, గోదాట్లోకి ఎదురీదితే పులస! వరద నీళ్లు ఎర్రగా వచ్చే రోజుల్లోనే దొరుకుతుంది. బెండకాయలు వేసి, మట్టి దాకలో సన్నసెగ మీద పులుసు పెడతారు. ఆ రోజు తినరు! రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తింటారు! ధర అడుగుతారా? మంచి పులస ఒక్కటే 10,000 రూపాయలు దాటిన రోజులున్నాయి! పుస్తెలు అమ్మైనా పులస తినాలని ఊరికే అనలేదు!

మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు చేతిలో డబ్బులు ఇంట్లోవాళ్లకు ఇచ్చి మరీ కడియం వెళ్లండి! ఊరు దాటి 10 కిలోమీటర్లు పోతే చాలు, రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే! ఏనుగు ఆకారంలో మొక్క, నెమలి ఆకారంలో మొక్క! మిద్దె మీద కుండీలో పెంచే గులాబీ నుంచి, లారీ ఎక్కించాల్సిన తాటిచెట్టంత చెట్టు దాకా అమ్ముతారు. చెట్టుకు చెట్టు, వేళ్లతో సహా!

మహాభారతాన్ని తెలుగులోకి తేవడం మొదలైంది ఈ గట్టునే! నన్నయ గారు రాసిందెంతో తెలుసా? 18 పర్వాల్లో రెండున్నర! మిగతాది పూర్తవడానికి ఇంకో ఇద్దరు మహాకవులు కావాల్సి వచ్చింది! సాయంత్రం గట్టున నడుస్తుంటే ఆయన కూడా ఈ గాలే పీల్చారని తలుచుకోండి, ఒళ్లు పులకరిస్తుంది!

కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఇంకా ఉంది! లోపలికి వెళ్లి చూడొచ్చు! 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా ఎదురు తిరిగితే ఎదురు నిలిచిన మనిషి ఆయన, పక్కన రాజ్యలక్ష్మమ్మ గారు! ఆ గుమ్మం దాటుతూ తల వంచడం మర్చిపోకండి.

గోదారి గట్టు దగ్గరే ఒక చిత్రకళాశాల ఉంది. దామెర్ల రామారావు గారి బొమ్మలు! సిద్ధార్థ రాగోదయం ముందు నిలబడి చూడండి, ఆ అమ్మాయిల చీర మడతలు కదులుతున్నట్టే ఉంటాయి! ఆయన పోయేనాటికి వయసు 28 కూడా నిండలేదు! ఇంకో ముప్పై ఏళ్లు ఉండి ఉంటే అని ఎంత అనుకున్నా తనివి తీరదు.

పుస్తకాలంటే ఇష్టమా? గౌతమీ గ్రంథాలయం! 1898 నాటిది! తాళపత్రాలు కూడా ఉన్నాయి! చప్పుడు చేయకుండా వెళ్లండి!

గట్టు మీద ముంత కింద పప్పు తిన్నారా? మరమరాలు, ఉల్లిపాయలు, వేరుశనగలు, కారం, నిమ్మరసం! కుప్ప మధ్యలో నిప్పుల ముంత పెడతాడు, అందుకే ఎప్పుడు అడిగినా వెచ్చగా! కాగితం పొట్లం, అట్టముక్క చెంచా! మొదటిసారే 2 పొట్లాలు కొనేయండి. ఒకటి పక్కవాళ్లు లాగేసుకుంటారు!

ఇక ఆఖరి రహస్యం, మెల్లగా చెబుతా! గోదావరికి పుష్కరాలు 12 ఏళ్లకోసారి. కిందటివి 2015లో అయ్యాయి. లెక్క వేసుకున్నారా? 2027! అప్పుడు ఈ మెట్ల మీద ఇసుకేస్తే రాలదు. రిజర్వేషన్లు ఇప్పుడే చూసుకోండి, కిటికీ పక్క సీటే అడగండి! జేబులో రూపాయి బిళ్ల ఉందో లేదో ఒకసారి తడుముకోండి!