రాకెట్ల చాటున అడవి

శ్రీహరికోట అనగానే రాకెట్టే గుర్తొస్తుంది. నిప్పులు చిమ్ముతూ అది పైకి లేస్తుంటే కింద పచ్చగా పరుచుకున్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. అదో అడవి! తూర్పు తీరంలో చాలాచోట్ల కనుమరుగైపోయిన, మండుటెండల్లోనూ పచ్చదనం వీడని మెట్ట సతతహరితారణ్యం.

సూళ్లూరుపేట నుంచి తూర్పుకి సాగే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. శీతాకాలంలో రెండువైపులా లోతులేని నీళ్లలో ఫ్లెమింగోలే. తల కిందులు చేసి ముక్కుతో నాచునీ చిరుజీవుల్నీ జల్లెడ పడుతుంటాయి. గూళ్లు చూడాలనుకుంటే మాత్రం దగ్గర్లోని నేలపట్టుకే వెళ్లాలి. అక్కడ నీట మునిగిన చెట్లమీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి.

సరస్సు దాటాక గేటు. అనుమతి లేనిదే లోపలికి వీల్లేదు. ఆ వెనక బంగాళాఖాతం వెంట 50 కిలోమీటర్ల తీరం. దీనికి జాతీయ పార్కు హోదా ఏమీ లేదు. ఆ లోటు తీర్చింది రాకెట్ల కోసం వేసిన కంచే. ఒకప్పుడు ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి చేరేవి. 1969లో ఈ దీవిని ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. పాల, నేరేడు, అల్లి చెట్లు, పేము పొదలు బతికిపోయాయి. వాటి నీడన చుక్కల జింకలు తిరుగుతాయి. ఏటా తొలి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుక తవ్వి గుడ్లు పెట్టి వెళ్తాయి.

అడవి దక్కింది సరే... దాన్ని అణువణువూ ఎరిగినవాళ్ల సంగతో? తరతరాలుగా యానాదులకు అదే ఇల్లు. తేనె, పేము, మూలికలు, చిరివేరు సేకరించేవారు. కలంకారీ బట్టకు ఎర్రరంగు అద్దింది ఆ చిరివేరే! రాకెట్ కేంద్రం వచ్చాక ఎన్నో కుటుంబాలు దీవి వదలాల్సి వచ్చింది. ఏ వేరు ఏ జబ్బుకో చెప్పగలిగినవాళ్లు అవతలి ఒడ్డున కూలి పనులు వెతుక్కున్నారు. రాకెట్ల లెక్కలు చెప్పేవారు ఎందరో ఉన్నారుగానీ ఈ లెక్క అడిగేవారే తక్కువ.

2022 నుంచి ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో ఉంది. అయినా చాలామంది నోట ఇప్పటికీ నెల్లూరు తీరమే. ప్రయోగాలు చూసేందుకు 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ మంచి కాలం. దారిలో అటకానితిప్ప దగ్గర ఆగండి, బైనాక్యులర్ మరవకండి.