కారు కింద రాలే నీటి చుక్కలు

విజయవాడ ఉక్కపోతలో ఏసీ వేసుకుని తిరిగిన కారును ఆపి, కిందికి వంగి చూడండి. ముందు వైపు చుక్క చుక్కగా నీళ్లు పడుతుంటాయి. కొత్తగా కారు కొన్నవాళ్లు ఏదో లీకవుతోందని కంగారుపడతారు. కారవలసిన నీళ్లే అవి. అలాంటి రోజున ఏసీ నడుస్తున్నా నేల పొడిగా ఉంటేనే అనుమానించాలి.

ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారును జనం తొలిసారి చూసింది 1939 నవంబరులో, షికాగో మోటారు ప్రదర్శనలో. తయారుచేసింది ప్యాకర్డ్ కంపెనీ. ఏసీకి అదనంగా 274 డాలర్లు. గాలిని చల్లబరిచే కాయిల్ వెనక డిక్కీలో బోలెడు చోటు తినేసేది. చలి పుట్టి ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టును చేత్తో ఊడదీయాలి. 1941 తర్వాత ప్యాకర్డ్ ఆ ప్రయత్నం మానుకుంది. 1954లో నాష్ కంపెనీ హీటరునూ ఏసీనీ కలిపి బానెట్ కిందా డ్యాష్‌బోర్డు వెనకా ఇమిడ్చింది. ఈనాటి కార్లదీ దాదాపు అదే అమరిక. డిక్కీ ఖాళీ అయింది గానీ, కాయిల్ మన ముక్కుకు దగ్గరగా, చేతికి అందని చీకటి పెట్టెలోకి చేరింది. మన అశ్రద్ధ అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. కనబడనిదాన్ని తుడవాలని ఎవరికీ తోచదు.

ఆ పెట్టెలో జరిగేది చల్లటి నీళ్ల చెంబు చెమర్చడమే. కాయిల్ లోపలి ద్రవం ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలిలోని తేమ సన్నటి అల్యూమినియం రేకుల మీద నీరై, కింది తొట్టెలోకి జారి, గొట్టం గుండా రోడ్డు మీద పడుతుంది. ఫిల్టరును దాటుకొచ్చిన దుమ్ము, పుప్పొడి ఆ తడి రేకులకు అంటుకుంటాయి. బండి ఆపాక కాయిల్ వెచ్చబడుతుంది. తడి, చీకటి, తిండి మూడూ దొరికిన చోట బ్యాక్టీరియా, బూజు ఊరుకోవు. ఏసీ వేయగానే గుప్పుమనే తడి సాక్సుల వాసన వాటిదే.

ఒక వర్షాకాలం నా కారులో ఆ వాసన మొదలైతే నేను సెంటు సీసా తగిలించాను. రెండు వాసనలూ కలిసి తల తిప్పేశాయి. ఎడమ సీటు ముందు కార్పెట్ తడిగా ఉందని మా అమ్మ చెప్పేదాకా మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. ఆయన గ్లవ్ బాక్సు ఊడదీసి ఫిల్టరు లాగితే నల్లటి అట్టలా వచ్చింది. రెండేళ్లుగా దాన్ని మార్చలేదు.

వాసనలన్నీ ఒకటి కావని ఆయనే చెప్పాడు. తియ్యటి వాసన వస్తే హీటరు నుంచి కూలెంట్ కారుతోందేమో చూడాలి. కుళ్లిన కోడిగుడ్డు కంపయితే అతిగా ఛార్జవుతున్న బ్యాటరీ కావచ్చు, వెంటనే చూపించాలి. బూజు వాసనకు మాత్రం కాయిల్ కడగడం, ఫిల్టరు మార్చడం. గమ్యానికి ఐదు నిమిషాల ముందే ఏసీ ఆపి ఫ్యాను నడిపితే కాయిల్ ఆరుతుంది. ఇప్పుడు నేను మరవకుండా చేస్తున్నది ఇదే.

చివరికి ఆయన కారు కిందికి దూరి, గొట్టంలోకి గాలి కొట్టాడు. బురద ముద్దొకటి ఊడిపడింది. వెనకే దోసెడు నల్లటి నీళ్లు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తేట చుక్కలు.