సీటు ఒత్తిడి: లండన్ నుంచి అరకు దాకా

యూనివర్సిటీ సీటు కోసం పిల్లలు పడే ఒత్తిడి అన్ని దేశాల్లోనూ ఉంది. అది ఎక్కడ బిగుసుకుంటుందన్నది మాత్రం ఆ దేశం విద్యార్థిని దేనితో కొలుస్తుందో దాన్నిబట్టి మారుతుంది.

బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులు యూకాస్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తాయి. ఐదు కోర్సులకు మించి పెట్టుకోవడానికి లేదు. ఉపాధ్యాయులు అంచనా వేసి ఇచ్చిన గ్రేడ్లు చూసి యూనివర్సిటీలు షరతు మీద సీటు ఇస్తాయి. ఆగస్టులో ఏ-లెవెల్ ఫలితాలు వచ్చేదాకా ఆ సీటు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. గ్రేడు తప్పినవాళ్లు క్లియరింగ్‌లో మిగిలిన సీట్లు వెతుక్కుంటారు.

అమెరికా దారి వేరు. కామన్ యాప్ ద్వారా 20 కాలేజీల దాకా దరఖాస్తు చేయవచ్చు. పేరున్న కాలేజీలు మార్కులతో ఆగవు. వ్యాసాలు, సిఫార్సు లేఖలు, ఆటలు, సేవా కార్యక్రమాలు అన్నీ చూస్తాయి. అందుకే సీటు రాకపోతే మార్కులు చాలలేదని కాక, తననే వద్దన్నారని విద్యార్థికి అనిపిస్తుంది.

మన దగ్గర కొలత ర్యాంకు. అది కఠినమైనదే కానీ, కొండ మీద పుట్టిన కష్టాన్ని అందంగా రాసి చూపించమని ఎవరినీ అడగదు. ఆ మేరకు దానికి మర్యాద ఉంది.

అరకు, పాడేరు ప్రాంతాల గిరిజన విద్యార్థికి అసలు ఒత్తిడి ర్యాంకుకు అటూ ఇటూ ఉంటుంది. కువి మాట్లాడే కోందు ఇంట్లో తెలుగే రెండో భాష. జేఈఈ మెయిన్, నీట్ ప్రశ్నపత్రాలు తెలుగులో దొరుకుతాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఎస్టీలకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు. రాష్ట్ర సీట్లలో 6 శాతం, కేంద్ర సంస్థల్లో 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. అయినా కంగారు తగ్గదు, ఎందుకంటే ర్యాంకు వచ్చాకే అసలు పని మొదలవుతుంది.

ముందు ఎస్టీ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి. తర్వాత గడువులోగా వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఓటీపీ ఫోనుకే వస్తుంది. సిగ్నల్ అందని ఊళ్లలో దాని కోసం గుట్టెక్కాలి, లేదా మండల కేంద్రానికి దిగాలి. ఏ కాలేజీని ముందు పెట్టాలో చెప్పేవారు ఇంట్లో ఉండరు. గురుకులంలో చదివినవారికి అధ్యాపకులే దిక్కు. కన్వీనర్ కోటా తప్పి యాజమాన్య కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కాఫీ, మిరియాల రాబడి మీద బతికే ఇంటికి ఒక్క తప్పు ఆప్షన్ అంత ఖరీదైనది. బ్రిటన్ విద్యార్థి ఆగస్టులో గ్రేడు కోసం ఎదురుచూస్తే, ఇక్కడి విద్యార్థి ర్యాంకు చేతిలో పెట్టుకుని కాగితాల కోసం తిరుగుతాడు.

కాలేజీల దూరం మాత్రం కొంత తగ్గుతోంది. విజయనగరం కేంద్రంగా 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో 50 సీట్లతో తరగతులు ప్రారంభమయ్యాయి. అయితే వైద్య సీటుకు నీట్ ర్యాంకే కావాలి. కాలేజీ పాడేరులో ఉన్నంత మాత్రాన సీటు పాడేరు పిల్లలకే రాదు.