ఇంజను నూనె నీటిలో గలియుట

నిర్మలునుండి ఆదిలాబాదునకు బోవు మోటారుబండి మహబూబు ఘాటు నెక్కునపుడు ఇంజను మిక్కిలి వేడెక్కును. ఆ వేడిని హరించునది రేడియేటరు నీరు. ఇంజనునందు నీటికిని నూనెకును దారులు వేఱు. బండి నడచునపుడు నూనె యొత్తిడి నీటి యొత్తిడికంటె హెచ్చు. కావున నడుమ బీట పడినచో నూనెయే నీటిలోనికి జొచ్చును.

బండి పూర్తిగా జల్లారిన పిదపనే రేడియేటరు మూత తీయవలెను. లేనిచో క్రాగిన నీ రెగజిమ్మి మొగము గాల్చును. నీటిపై మీగడవంటి గోధుమవన్నె జిడ్డు తేలినచో నూనె కలిసినదని యెఱుంగునది. ఇంజను తిరుగుచుండగా నీటిలో బుడగలు విడువక వచ్చినచో సిలిండరు హెడ్డుక్రింది గాస్కెటు చెడియుండును. ఆ గుర్తు లేక జిడ్డుమాత్రమే కనబడినచో, ఆయిలు కూలరు గల బండ్లలో దానిని ముందుగా శంకింపవలెను.

నీరు మార్చినంతమాత్రమున రోగము పోదు. జిడ్డు దారులను మూయగా ఇంజను వేడెక్కి చెడును. కావున అట్టి బండిని నడపక, మెకానిక్కునకు జూపుటయే మేలు.