దీపానికి రాని దోమ

మా అనంతపురంలో వాన కోసం ఎంత ఎదురుచూస్తామో, వాన పడిన సాయంత్రం అంత అవస్థ పడతాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అందుకేనేమో, తొలి వాన పడ్డ రోజు మట్టిలో దాక్కున్న పురుగూ పుట్రా అంతా ఒక్కసారే బయటికొస్తుంది. పుట్టల్లోంచి ఉసిళ్లు లేచి ట్యూబులైటు చుట్టూ ముసురుకుంటాయి. చారులో రెక్కలు, చెంబులో రెక్కలు, పిల్లల పుస్తకాల్లో రెక్కలు! వాటికోసం గోడల మీద బల్లులు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, వరండాలో ఒక్క బల్బు వేసి, దాని కింద నీళ్ల బేసిను పెట్టి, లోపల చీకట్లో కూర్చోవడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. నూనె రాసిన కాగితాన్ని లైటుకి వేలాడదీసేవాళ్లూ ఉన్నారు.

2023 జూన్‌లో ఈ బాధ పడలేక తిలక్ రోడ్డులో ఒక షాపుకెళ్లి ప్లగ్గులో గుచ్చే దీపం ఒకటి కొన్నాను. నీలం రంగు వెలుగు, దాని వెనక జిగురు అట్ట. వెలుగుకి వచ్చిన పురుగు అట్టకి అంటుకుపోతుంది. "దోమలు, ఈగలు అన్నీ పడతాయక్కా. కాయిల్ పొగ లేదు, లిక్విడ్ ఖర్చు లేదు" అన్నాడు షాపబ్బాయి. మరుసటి రోజు పొద్దున అట్ట చూస్తే నల్లగా, ఆవాలు చల్లినట్టుంది. నా సంబరం చూడాలి! పక్కింటి వాళ్లని పిలిచి మరీ చూపించాను. ఆ ఊపులోనే పిల్లల మంచాలకి కట్టే దోమతెర విప్పి, మడిచి, అటకెక్కించేశాను.

కళ్యాణదుర్గం దగ్గర పల్లెనుంచి వచ్చిన మా అత్త మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఆ అట్టని చాలాసేపు చూసింది.

"ఏమ్మే, దీంట్లో దోమ యాడుండాది? అన్నీ రెక్కల పురుగులే గదా" అంది.

"ఉంటాయిలే అత్తా, నీకు కనపడ్డంలేదు" అన్నాను. చదువుకున్న కోడల్ని కదా!

నిజానికి దీపం పెట్టి పురుగుని పట్టే విద్యలో అత్తే నాకంటే పెద్ద చదువు చదివింది. శెనక్కాయ చేలకి ఎర్ర గొంగళి పురుగు పడితే ఆకు మిగలదు. దాని కోశాలు భూమిలో ఉంటాయి. తొలకరి పడ్డ కొద్ది రోజులకే అందులోంచి రెక్కల పురుగులు లేచి ఆకుల మీద గుంపులు గుంపులుగా గుడ్లు పెడతాయి. గొంగళి పెద్దదై బొచ్చు వచ్చాక మందు కొట్టినా ఒక పట్టాన చావదు. కాబట్టి రెక్కల పురుగుగా ఉన్నప్పుడే పట్టాలి. వ్యవసాయశాఖ వాళ్లు 'దీపపు ఎరలు' అనేది దీన్నే. గట్ల మీద మంటలు వేస్తారు, లేకపోతే లాంతరు పెట్టి కింద కిరసనాయిలు కలిపిన నీళ్ల పళ్లెం ఉంచుతారు.

"ఒక్క చేన్లో పెడితే ఏం లాభం? పక్క చేన్లోవి గూడా మన దగ్గరికే వస్తాయి. ఊరంతా ఒక్కనాడే పెడతాంటిమి" అంటుంది అత్త. ఈ మాట తర్వాత నాకు ఇంట్లో కూడా పనికొచ్చింది.

సెప్టెంబరులో మా చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. మొదటిరోజు బడిలో ఆడి అలిసిపోయిందనుకున్నాను. రెండో రోజు కళ్ల వెనక నొప్పి అంది, ఒళ్లంతా విరగ్గొట్టినట్టుందని ఏడ్చింది. ఎన్‌ఎస్1 పరీక్ష చేయిస్తే డెంగీ! అయిదు రోజులు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ప్లేట్‌లెట్ల లెక్కలు చూసుకుంటూ గడిపాను. దానికి ప్రత్యేకమైన మందేమీ లేదట. నీళ్లు, ద్రవాలు, జ్వరానికి పారాసిటమాల్... అంతే. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి మాత్రం వద్దన్నారు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుందని. పిల్ల కోలుకుంది. కానీ ఇంట్లో రాత్రంతా వెలిగిన నీలం దీపం ఏం చేసినట్టు?

మేం ఇల్లు చేరిన రోజే ఆశా కార్యకర్త వచ్చింది. దీపం వంక కూడా చూడలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్లి నీళ్ల డ్రమ్ము మూత తీసి టార్చి వేసింది. నీళ్లలో పిల్లదోమలు తలకిందులుగా వేలాడుతున్నాయి.

ఆ తర్వాతే నేను ఈ సంగతులన్నీ చదివి తెలుసుకున్నాను. ఉసిళ్లకి, చిమ్మటలకి వెలుగంటే పిచ్చి. అది కూడా ప్రేమ కాదట, పొరపాటట! 2024 జనవరిలో వచ్చిన ఒక పరిశోధనలో కెమెరాలు పెట్టి చూశారు. ఎగిరే పురుగు తన వీపుని వెలుగువైపు తిప్పుకుంటుంది. ఆకాశం నేలకంటే వెలుగ్గా ఉంటుంది కాబట్టి, అలా ఎగిరితే పైదేదో కిందదేదో దానికి తెలుస్తుంది. మన బల్బు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పి, వీపు బల్బుకి తిప్పి గిరగిరా తిరుగుతుంది. దోమ కథ వేరు. కుట్టేది ఆడదోమే. దానికి కావలసింది మన రక్తం. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వాసన, ఒంటి వేడి పట్టుకుని వస్తుంది. పక్కన మనిషి పడుకుని ఉంటే దీపం దానికెందుకు? శాస్త్రవేత్తలు దోమల్ని లెక్కపెట్టడానికి దీపపు బోనులు పెట్టినా, చాలాసార్లు ఆ వాయువు వచ్చేలా పక్కన డ్రై ఐస్ కూడా పెడతారు. అమెరికాలోని డెలవేర్‌లో, పెరళ్లలో పెట్టిన కరెంటు బోనుల్లో పడ్డ పురుగుల్ని ఓపిగ్గా లెక్కపెట్టి 1996లో అచ్చువేశారు. మొత్తం 13,789 పురుగులు. అందులో మనిషిని కుట్టేవి ముప్పై ఒకటి! మా అత్త కళ్లజోడుతో చెప్పింది కూడా అదే కదా.

పైగా డెంగీ దోమ పగలు కుడుతుంది. పొద్దున, సాయంత్రం చీకటి పడేముందు మరీ ఎక్కువ. నేను దీపం వేసేది రాత్రి పదింటికి.

అలాగని దీపాన్ని పారేయలేదు. వానాకాలం సాయంత్రాలు నిజంగానే సుఖంగా ఉన్నాయి. పెట్టే పద్ధతే మార్చాను. మొదట కిటికీ పక్క ప్లగ్గులో పెట్టేదాన్ని. బయటి పురుగుల్ని పిలిచి మరీ ఇంట్లోకి తెచ్చుకున్నట్టయింది. అత్త చెప్పిన పక్క చేను సంగతే! ఇప్పుడు కిటికీకి దూరంగా, గదిలో చీకటిగా ఉన్న మూల పెట్టి, మిగతా లైట్లు ఆర్పేస్తున్నాను. ట్యూబులైటు వెలుగుతుంటే దీని వెలుగు దేనికీ ఆనదు. భోజనాల గదిలో తెల్ల లైటు తీసేసి పసుపు వెలుగు బల్బు వేశాం, దానికి పురుగులు తక్కువ వస్తాయి. జిగురు అట్ట నిండితే మార్చాలి, దుమ్ము పట్టినా మార్చాలి. మా ఊరి దుమ్ముకి జిగురు త్వరగానే చచ్చిపోతుంది. చటచటమని కాల్చే రకం కొనేవాళ్లు మాత్రం పొయ్యి దగ్గరా, భోజనాల బల్ల మీదా పెట్టకండి. కాలిన పురుగు తునకలు గిన్నెల్లో పడతాయి. కరెంటు ఖర్చు గురించి అడుగుతారేమో, అయిదు వాట్లది రోజూ పది గంటలు వేసినా నెలకి ఒకటిన్నర యూనిట్లే.

ఇక అసలు చిక్కు డ్రమ్ము. నిల్వనీళ్లు పారబోయమని చెప్పడం సులువు. మా వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఒక్కోసారి మూడో రోజు. పట్టిన నీళ్లని పారబోయడానికి ఈ ఊళ్లో ఏ ఇల్లాలికి చెయ్యాడుతుంది? పైగా పారబోసినంత మాత్రాన సరిపోదు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డునుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. అందుకే వారానికోసారి గోడలు తోమాలి.

మేం చేసుకున్న ఏర్పాటు ఇదీ. రెండు డ్రమ్ములూ ఒకేసారి వాడం. ముందు ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యేలా చూసుకుంటాం. అడుగున మిగిలిన నీళ్లు కరివేపాకు చెట్టుకో, వాకిలి కడగడానికో పోతాయి. మట్టిమీద పోస్తే పిల్లదోమలు చచ్చిపోతాయి. కుళాయి వచ్చేముందు పీచుతో లోపలంతా తోమి, పట్టాక పాత చీరగుడ్డ వేసి తాడుతో బిగించి కడతాం. మూత ఒక్కటే చాలదు, సందుల్లోంచి దూరుతుంది. మరుసటి వారం రెండో డ్రమ్ముకి వంతు. కూలరూ, ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి. మా ఫ్రిజ్‌కి వెనక ట్రే ఉందని పన్నెండేళ్ల తర్వాత తెలిసింది నాకు!

వీధిలో అందరం ఒకే రోజు చేద్దామని అత్త పోరు పెట్టింది. శుక్రవారం డ్రైడే అని ఆరోగ్యశాఖ వాళ్లు ఎలాగూ చెబుతుంటారు. తొమ్మిదిళ్లలో అయిదిళ్లవాళ్లు ఒప్పుకున్నారు. మిగిలిన నాలుగిళ్లకి అత్త శుక్రవారం పొద్దున్నే పీచు పట్టుకుని తనే వెళ్తోంది. మొహమాటానికి వాళ్లే ఆ పీచు లాక్కుని తోముకుంటున్నారు.

అటకమీద దోమతెర దించాను. రెండుచోట్ల ఎలక కొరికింది. కుట్టి, పగలు నిద్రపోయే పిల్లలకి కూడా కడుతున్నాను.