డీఎఫ్ చెప్పే అంకె: 512 లెక్కా, 1024 లెక్కా?

ఈ వారం ఎపిసోడ్‌లో డీఎఫ్ కమాండ్ గొడవ సగంలో ఆపేశాం, టైం అయిపోయింది. నైట్ డ్యూటీలో వింటూ సర్వర్ సపోర్ట్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళు "మిగతాది రాసి పెట్టన్నా" అన్నారు. ఇదిగో.

ముందు నా తప్పు చెప్తా. గల్ఫ్‌కి వచ్చిన కొత్త, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా. లైనక్స్‌లో బాగా నడుస్తున్న డిస్క్ అలర్ట్ స్క్రిప్ట్‌ని ఒక ఏఐఎక్స్ సర్వర్‌లోకి కాపీ చేశా. ఖాళీ జాగా 20,00,000 కంటే తగ్గితే మెయిల్ రావాలి. లైనక్స్‌లో ఆ అంకె అంటే దాదాపు 2 జీబీ. ఏఐఎక్స్‌లో అదే అంకెకి 1 జీబీయే. మెయిల్ వచ్చింది గానీ ఆలస్యంగా వచ్చింది. మేం చూసేసరికి డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగింది. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడికి ఆ రాత్రి ఎట్లా గడుస్తదో మీకు వేరే చెప్పాలా!

విచిత్రం ఏంటంటే, స్క్రిప్ట్‌లో నేను వాడింది "డీఎఫ్ -పీ" (పెద్ద పీ). పాజిక్స్ స్టాండర్డ్ ఇచ్చిన ఆప్షన్ కదా, ఎక్కడైనా ఒకేలా వస్తుందనుకున్నా. కాలమ్‌లు ఒకేలా వచ్చాయి. కొలతే మారింది.

ఎందుకంటే పాజిక్స్ ప్రకారం డీఎఫ్, డీయూ రెండూ మామూలుగా 512 బైట్ల బ్లాకుల్లో లెక్క చెప్పాలి. అది పాత యూనిక్స్ నుంచి వచ్చిన అలవాటు. మారిస్తే అప్పటికే ఉన్న స్క్రిప్టులు చెడిపోతాయని కమిటీ వాదన. కిలోబైట్లు కావాలన్నవాళ్ళ కోసం రాజీగా "-కే" (చిన్న కే) పెట్టింది. గ్నూ ప్రాజెక్టు రిచర్డ్ స్టాల్‌మన్ దీనికి ఒప్పుకోలేదు. చూసేది మనిషి, మనిషికి కిలోబైటే అర్థమవుతుంది అని 1024నే ఉంచారు. స్టాండర్డే కావాలంటే పాజిక్స్‌లీ కరెక్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోమన్నారు. దానికి ఆయన మొదట పెట్టిన పేరు "పాజిక్స్ మీ హార్డర్"! వెక్కిరింపు అన్నమాట. ఇంకో తమాషా, పాజిక్స్ అనే పేరు సూచించిందీ ఆయనే.

నా మట్టుకు, స్క్రీన్ మీద చూసుకునేవాడికి స్టాల్‌మన్ మాటే రైటు. స్క్రిప్ట్ రాసేవాడు మాత్రం ఎవరి డిఫాల్ట్‌నీ నమ్మకూడదు.

అలాగని కమిటీ ఎప్పుడూ పాతదాన్నే కాపాడిందనుకోకండి. "సార్ట్ +1" అంటే ఒకప్పుడు రెండో ఫీల్డ్ నుంచి వరస పెట్టమని. 2001 పాజిక్స్‌లో అదే కమాండ్‌కి "+1 అనే పేరున్న ఫైల్‌ని సార్ట్ చెయ్" అని అర్థం మారింది. గ్నూ టూల్స్ ఆ దారిలో వెళ్ళేసరికి ఏళ్ళ తరబడి నడిచిన స్క్రిప్టులు ఆగాయి, జనం మండిపడ్డారు. 2008 పాజిక్స్ రెండు పద్ధతుల్లో ఏదైనా సరే అంది. అంటే ఇప్పుడు ఏది నడుస్తుందో మీ మెషీన్‌ని బట్టి ఉంటుంది. "సార్ట్ -కే 2" అని రాస్తే ఆ బాధ లేదు.

డిస్క్ సంగతికి వస్తే, "డీఎఫ్ -కేపీ" అని రెండూ కలిపి రాయండి. లైనక్స్, ఏఐఎక్స్, మ్యాక్ ఎక్కడైనా కిలోబైట్లే వస్తాయి. ఉత్త "డీఎఫ్ -పీ" ఉన్న పాత స్క్రిప్టులుంటే హెడింగ్ లైన్ చూడండి: 1024 బ్లాక్స్ అని ఉందా, 512 బ్లాక్స్ అని ఉందా అక్కడే తెలుస్తుంది. నేను ఆ రోజు హెడింగ్‌ని తీసేసి మిగతాది చదివే స్క్రిప్ట్ రాశా మరి.